పిన్ని కాలు పడిన బండి

మా పిన్ని కాలు మంచిది కాదని మా వీధిలో అంటారు. పికప్ బండి కొండ దారిలో అదుపు తప్పిన దగ్గర్నుంచి ఆ మాట మరీ పెరిగింది. ముందురోజు మధ్యాహ్నమంతా ఆవిడ ఆ బండిలో ఒక్కతే కూర్చుందనీ, పెదవులు కదుపుతూ ఏదో జపించిందనీ, అందుకే బ్రేకులు పోయాయనీ చెప్పుకుంటారు. కుళాయి దగ్గర నన్ను చూస్తే మాట మార్చి బిందెలు సర్దుకుంటారు. కూర్చున్న మాట నిజమే. పెదవులు కదిలిన మాటా నిజమే. నేను అక్కడే ఉన్నాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. బాబాయి బ్రేకుల మెకానిక్. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయాలంటే ఇద్దరుండాలి, ఒకరు బండి కింద, ఒకరు పెడల్ మీద. పెళ్ళయిన నెలకే పనివాడు మానేస్తే పిన్ని సీట్లోకి ఎక్కింది. పద్దెనిమిదేళ్ళయినా దిగలేదు. చెప్పు విడిచి వట్టి కాలితో తొక్కుతుంది. కింద నుంచి బాబాయి "తొక్కు" అంటాడు, కాసేపాగి "పట్టు" అంటాడు. కాపురంలో వాళ్ళు అంతకన్నా ఎక్కువ మాట్లాడుకోవడం నేను వినలేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటినుంచి నేను షాపులోనే ఉంటూ పానాలు అందిస్తాను.

ఆ పికప్ ఇప్పుడేగారిది. ఏదైనా "ఇప్పుడే కావాలి" అంటాడని ఆ పేరు. ఎదురుగా ఎవరూ అనరు. మా షాపున్న స్థలం ఆయనదే. బండి ఆరేళ్ళుగా ఆయన గోడౌన్లో మూలపడి ఉంది. కొండమీద రాళ్ళ పనికి రోజూ పదిమంది కూలీలను తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాక అది ఆయనకు గుర్తొచ్చింది. ఆ పదిమందిలో మా అమ్మ ఒకతి.

బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. వెనక చక్రం ఒకటి తిరగనే లేదు, రోడ్డంతా ఈడ్చుకుంటూ వచ్చింది. బాబాయి ఆ చక్రం డ్రమ్మును సుత్తితో కొట్టి కొట్టి ఊడదీస్తే లోపలినుంచి ఎర్రటి తుప్పు గుప్పెళ్ళకొద్దీ రాలింది. బ్రేకు నూనె బురదనీళ్ళలా ఉంది. కొత్త బ్రేకు షూలు, చక్రాల దగ్గర కొత్త రబ్బర్లు, కొత్త నూనె వేసేసరికి నాలుగు రోజులు పట్టింది. గాలి తీశాక బాబాయి ఎక్కి గట్టిగా తొక్కాడు. పెడల్ రాయిలా నిలబడింది. షాపు ముందు నడిపి చూశాడు. తొక్కిన ప్రతిసారీ ఆగింది.

"అయిపోయినట్టే" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

అప్పుడు పిన్ని ఎక్కింది. ఆవిడ గట్టిగా తొక్కదు. నిద్రపోతున్న పసిపిల్ల మీద చెయ్యి వేసినట్టు కాలు ఆనించి, అలాగే ఉంచుతుంది. కాసేపటికి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. నేను వంగి చూశాను. ఆవిడ కొత్తగా బలం పెట్టడం లేదు. పెడలే గడియారం ముల్లులా, చూస్తుంటే తెలియనంత మెల్లగా, నేలకేసి పోతోంది.

"ఏవండీ, జారుతోంది."

"ఎక్కడా కారడం లేదే."

"బయటికి కారితే మీ కంటికి కనపడేది. లోపల్లోపలే జారుతోంది."

బాబాయి కూడా అలాగే మెల్లగా తొక్కి చూశాడు. ఆయన కాలి కింద కూడా జారింది. నూనెను తోసే మాస్టర్ సిలిండర్ లోపల, ఆరేళ్ళ తుప్పు రబ్బరును కోసేసింది. ఠక్కున తొక్కితే పట్టు దొరుకుతుంది. దిగుడు దారిలో చాలాసేపు తొక్కిపట్టి ఉంచితే కాలి కింద ఏమీ మిగలదు. కొత్త సిలిండర్ పట్నం నుంచి రావడానికి రెండు రోజులు పడుతుంది.

ఇప్పుడేగారు వచ్చి, చెప్పేది పూర్తిగా వినకుండానే ఎక్కి మూడుసార్లు ధడధడా తొక్కాడు.

"ఇంత గట్టిగా ఉంటే జారుతోందంటావేంటయ్యా? ఎవరు చెప్పారు నీకు?"

"మా ఆవిడ చూసిందండి."

"మీ ఆవిడ కాలి సంగతి అందరికీ తెలిసిందేలే. రేపు పొద్దున్నే నాకు బండి కావాలి. కుదరదంటావా, షాపు ఖాళీ చేసి, రెండు రోజులేం ఖర్మ, రెండేళ్ళు రిపేరు చేసుకో."

బాబాయి తల దించుకున్నాడు. పిన్ని నన్ను తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, రేపు ఆ బండి ఎక్కకే."

"నేనెక్కకపోతే నా చోట్లో ఇంకొకతి ఎక్కుతుంది. ఎల్లుండి నన్ను రమ్మనరు" అంది అమ్మ. తర్వాత నవ్వింది. "నీ కాలు నీ దగ్గరే పెట్టుకోవే చిన్నదానా, నాకు తగిలించకు."

పిన్ని నవ్వలేదు. వెనక్కి వచ్చి, నన్ను నూనె డబ్బా, చిన్న పానా తెమ్మని, బండి ఎక్కి తలుపు వేసుకుంది.

వీధిలోంచి చూసేవాళ్ళకు ఆవిడ తల మాత్రమే కనిపించింది, ముందుకీ వెనక్కీ ఊగుతూ. పెదవులు ఆగకుండా కదిలాయి. బండి అడుగున ఏదో కిర్రుకిర్రుమని మూలిగింది. ఎండ తగ్గేసరికి ఆ మూలుగు ఆగిపోయింది. కుళాయి దగ్గరివాళ్ళు బిందెలు నిండి పొర్లుతున్నా దాన్ని కట్టకుండా చూస్తూ నిలబడ్డారు. దిగినప్పుడు పిన్ని అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది.

మర్నాడు పొద్దున బండి అమ్మవాళ్ళను ఎక్కించుకుని వెళ్ళింది, ఇప్పుడేగారే నడిపాడు. పోయేటప్పుడు అంతా ఎత్తే, భయం లేదు. తిరిగొచ్చేటప్పుడే దిగుడు. పిన్ని ఆ రోజు ఏమీ తినలేదు. ఐదింటికి రావాల్సిన బండి ఆరు దాటినా రాలేదు. బాబాయి పట్టుకున్న పానా పట్టుకున్నట్టే ఉంది.

అమ్మ నడిచి వచ్చింది, మోకాళ్ళు చెక్కుకుపోయి. రెండో మలుపులో పెడల్ నేలకంటిందట. వెనకున్నవాళ్ళు కేకలు పెడుతుంటే ఇప్పుడేగారు చేతికందిందల్లా లాగాడట. ముందు చక్రం ఒకటి లోయ మీద గాలిలో ఉండగా బండి ఆగింది. ఒకామెకు చెయ్యి విరిగింది. మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఊపిరి బిగబట్టి దిగారు.

బండి ఆగడం దేవుడి దయ అన్నాడు ఇప్పుడేగారు. బ్రేకులు పోవడం మాత్రం మెకానిక్ పెళ్ళాం కాలి మహిమ అన్నాడు. వీధి రెండూ నమ్మింది.

బండిని తీసుకురావడానికి బాబాయితో నేనూ వెళ్ళాను. సీటు పక్కన చేతిబ్రేకు పిడి చివరి పన్ను దాకా లేచి ఉంది. బాబాయి రెండు చేతులతో గానీ దించలేకపోయాడు. బండి మా దగ్గరికొచ్చిన రోజు ఆ పిడి వేలెడు కూడా లేవలేదు. నూనెతో పనిలేకుండా తీగతోనే చక్రాలను పట్టే బ్రేకు అది, ఆ తీగ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇప్పుడేగారు చెప్పిన పనుల్లో అది లేదు. ఆ మధ్యాహ్నం పిన్ని నూనె పోసి, లాగుతూ వదులుతూ, ఎన్నిసార్లయిందో లెక్కపెట్టుకుంటూ కదిలేలా చేసింది ఆ తీగనే.