కోళ్ళ పాలైన ఎర్ర జొన్నలు

మా వంశంలో పట్టభద్రుడైన మొదటివాణ్ణి నేను. తొంభైల చివర్లో మదనపల్లెలో ఒక విత్తన పరిశోధన పథకంలో తాత్కాలిక సహాయకుడిగా పనిచేసేవాణ్ణి. పాత జొన్న రకాలు కనుమరుగు కాకముందే ఊరూరా తిరిగి సేకరించి, కొత్త వంగడాలు రూపొందించే మా అధికారికి అప్పగించడం నా విధి.

సదుం దాటాక ఒక పల్లెలో ఒక అవ్వ దగ్గర పచ్చజొన్న దొరికింది. చుట్టుపక్కలవారంతా వేరుశనగకో, టమోటాకో మారిపోయినా ఆమె దాన్ని విడవలేదు. అడగ్గానే ఒక శేరు గింజలు ఇచ్చింది.

ఆదివారం మా అమ్మ చేట తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. అధికారి ముందు నా సేకరణ శుభ్రంగా కనిపించాలని ఇద్దరం గింజగింజా ఏరాం. పసుపు గింజల్లో కలిసిన ఎర్రవి, బూడిదరంగువి, చిన్నవి అన్నీ కోళ్ళకు వేశాం.

"ఒక్క రాయి లేదు సూడు. మీ సారు మెచ్చుకుంటాడు" అంది అమ్మ.

సారు మెచ్చుకోలేదు. సంచీలో చెయ్యి పెట్టి, "అన్నీ ఒకే పోలికగా ఉన్నాయేమయ్యా?" అన్నారు. జరిగినది విన్నవించుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి నిదానంగా తుడుచుకున్నారు.

"కరువుకు ఆగేదో, తెగులును తట్టుకునేదో ఆ కలగలుపులోనే ఉంటుంది. మనం వెతికేది దాన్నే. నువ్వు దాన్ని కోళ్ళకు పెట్టావు. పోయి మళ్ళీ తీసుకురా."

అప్పటికే తొలకరి పడింది. అవ్వ విత్తేసి ఉంటే కోతల దాకా ఆగాలి. నా ఉద్యోగపు గడువు అంతదాకా లేదు.

పుంగనూరులో బస్సు మారి వెళ్ళాను. చంకలో విత్తనాల గంపతో అవ్వ చేనికి బయలుదేరుతోంది. సంగతి చెప్పగానే నవ్వాపుకోలేక గంప దించేసింది.

"ఏమప్పా, అన్నేండ్లు సదివి కోళ్ళకు జొన్నలేసేది నేర్చుకుంటివా?"

"పొరపాటయింది అవ్వా."

"కోళ్ళన్నా బలిసినాయా?"

అవ్వ గంపలోంచి గుప్పెడు గింజలు తీసి నాకు చూపించింది.

"వాన ముందే పోతే ఎర్రది పండతాది, నిలబడితే పచ్చది పండతాది. అందుకే కలిపి పెట్టుకోనుండాను. ఎందుకప్పా ఏరినావు? నీకేమన్నా పెండ్లిసూపులా?"

ఆ యేటికి ఆమెకున్న విత్తనమంతా ఆ గంపలోనే ఉంది. "ఒక సాలు తక్కువేసుకుంటాలే" అంటూ నా ఇస్త్రీ చేతిరుమాలు లాక్కుని, రెండు దోసిళ్ళు పోసి గట్టిగా ముడి వేసింది.

"ఈ ముడి మీ సారే ఇప్పల్ల. మీ అమ్మకు చేట ఉండాది, జాగ్రత్త."

తిరిగి వచ్చేసరికి ఆఫీసు మూసేశారు. ఇంటికే వెళ్ళాల్సి వచ్చింది. గుమ్మంలో అమ్మ చేటతో సిద్ధంగా ఉంది. ఆ పూట మూట ఒళ్ళోంచి దించకుండానే అన్నం తిన్నాను.