తెర కట్టిన రిక్షాలో టైపు మిషను

ఎనభైల నాటికి పొలాలన్నీ పోయి, మా ఇంట్లో చెప్పుకోదగ్గ వస్తువు తాతగారి తెలుగు టైపు మిషను ఒక్కటే మిగిలింది. నరసరావుపేటలో ఒక ప్లీడరు గారు దావా కాగితాలు టైపు చేసే పని ఇస్తానన్నారు. ఒకేసారి ఐదు కాపీలు రావాలి, ఐదోది కూడా శుభ్రంగా ఉండాలి. మా మిషనుకు అదే చేతకాదు. కాగితాలూ కార్బన్లూ కలిపి ఎక్కిస్తే రోలరు పట్టేది కాదు. అన్నీ జారి, వాది మీద ప్రతివాది పడేవాడు.

బాగుచేయించాలి. కానీ మిషను ఎత్తుకుని బజార్లో నడిస్తే, చివరికి అదీ అమ్ముకుంటున్నారంటారు. ఆ మాట మేం పడం. మా ఆడవాళ్లు గడప దాటితే బండికి తెర కట్టడం ఆనవాయితీ. అందుకని బాబాయి రిక్షాకు పట్టుచీర కట్టించి, మిషనును లోపల కూర్చోబెట్టాడు. మేం చెరోపక్కా నడిచాం. జనం తప్పుకుని దారిచ్చారు. మాకు అలా దారిచ్చి చానా ఏళ్లయింది.

ఎదురింటి పిన్ని ఆపింది. "ఎవరన్నయ్యా లోపల?"

"మా పెద్దావిడ. ఒంట్లో బాగాలేదు."

రిక్షా గుంతలో పడింది. లోపల మిషను గంట టింగుమంది.

"పూజలో ఉంది," అన్నాడు బాబాయి.

పిన్ని చెప్పులు విడిచి దండం పెట్టి, మా వెంటే వచ్చింది.

దుకాణం ముందు కూడా బాబాయి తెర తీయనివ్వలేదు. మెకానిక్కే తల లోపలికి దూర్చి చూశాడు. స్ప్రింగు, అక్షరాలు, రోలరు అన్నీ మార్చమన్నాడు. మాకు ఒక్కదానికే తాహతు.

"రోలరు మారిస్తే చాలు బాబాయ్," అన్నాను. "అక్షరాలు నిక్షేపంగా ఉన్నాయి."

"ముందు ముఖానికి పాలిష్ పెట్టించాలిరా. ప్లీడరు చూసేది ముఖమేగా!"

పిన్ని గుండెలు బాదుకుంది. "ఏందన్నయ్యా ఇది! జబ్బుతో ఉన్న ముసలామె ముఖానికి పాలిషేంది? ప్లీడరుకు చూపిస్తారా? మీ వంశంలో ఎన్నడన్నా ఉందా?"

వీధి వీధంతా మావైపు తిరిగింది. బాబాయి మెడ నిటారుగానే ఉంది గాని, గొంతు తగ్గింది. "రోలరే మార్చవయ్యా," అన్నాడు.

మర్నాడు ప్లీడరు గారు ఐదో కాగితం వెలుతురుకు పెట్టి చూశారు. వాది, ప్రతివాది ఎవరి వరసలో వాళ్లున్నారు.

"బాగుంది. రేపటి నుంచి కోర్టు దగ్గరికి రండి."

"మేం రాం," అన్నాను. "పనే మా ఇంటికి రావాలి."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, కాగితాల కట్ట గుమాస్తా చేతికిచ్చి మా వెంట పంపారు.