నేను తుడిచేసిన దయ్యం

మా కంపెనీకి పేరు తెచ్చిన డిస్కు గురించి మొదట్లో నేను దాచిన సంగతి ఒకటుంది. అందులో దయ్యం కనిపించకపోవడం దర్శకుడి గొప్పతనం కాదు, నా నిర్వాకం. భూతవైద్యుడితో పని లేకుండా, కంప్యూటర్ ముందు టీ తాగుతూ దయ్యాన్ని మాయం చేసిన ఘనుణ్ని నేనే. ఎలాగో వినండి.

ఖమ్మంలో ఒక గది కిరాయికి తీసుకుని, ఎవరికీ అక్కర్లేని పాత దయ్యాల సినిమాలను శుభ్రం చేసి, డిస్కులకెక్కించి, బొమ్మలు అచ్చేసిన డబ్బాల్లో అభిమానులకు పంపడం మా పని. మా అభిమానులు కొద్దిమందే. కానీ పెళ్లిరోజు మరిచిపోతారు తప్ప డిస్కు వచ్చే రోజు మరిచిపోరు.

భద్రాచలం అడవిలో తీసిన ఒక సినిమాకు మిగిలిన ఒకే ఒక్క ప్రింటు ఏన్కూరులో సైదులు మామ దగ్గర దొరికింది. ఆయన టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా చేశాడు. టాకీసు పోయినా రీళ్లను రేకుపెట్టెలో దాచుకున్నాడు.

"పైలం అల్లుడా. నా పానమంత దాంట్లనే ఉన్నది" అన్నాడు ఇస్తూ. మాటవరసకు అన్నాడనుకున్నాను.

స్కాన్ చేయించి పనిలో దిగాను. సౌండు వేరేచోట బాగుచేయిస్తున్నాం కనుక నాకు బొమ్మే తప్ప మాట లేదు. ఫ్రేము ఫ్రేముకూ మరకలు. కిటికీలో ఒక తెల్లటి మసక. ఇప్పచెట్ల మధ్య మళ్లీ అదే మసక. బూజు అనుకున్నాను. బూజు నడుస్తుందా అని మీరు అడగవచ్చు, నేను అడగలేదు. హీరోయిన్ అటే చూసి నోరు తెరిచింది కదా అంటారా? నోరు తెరవడం ఆ రోజుల్లో హీరోయిన్ల ఉద్యోగం అనుకున్నాను. మాడిన గిన్నె తోమినట్టు నెల రోజులు తోమాను.

మొదటి డిస్కు పట్టుకుని ఏన్కూరు వెళ్తే, మామ తన భార్య వెంకటమ్మ అత్తను టీవీ ముందు కూర్చోబెట్టాడు.

"ఇగ చూడు. గా దయ్యం ఎవరనుకున్నవు? నేనే. షూటింగుకు జనరేటర్ తీస్కపోయిన. దయ్యం ఏసెటామెకు జొరమొస్తే నాకు తెల్లచీర కట్టిండ్రు."

"పెండ్లైన కాన్నుంచి గిదే ముచ్చట" అంది అత్త. వాళ్ల పెళ్లికి ముందే టాకీసు మూతపడిందట. ఆమె ఆ సినిమా చూడనే లేదు.

నేను తోమిన బూజు ఎవరో అప్పుడు తెలిసింది. కిటికీ వచ్చింది, ఖాళీ.

"ఆగు, చెట్ల కాడ వస్త."

చెట్లు వచ్చాయి, చెట్లే ఉన్నాయి.

"ఇన్నేండ్లకు నీ గప్పాలు బయటపడ్డయి" అంది అత్త.

మామ నావైపు తిరిగాడు. "అల్లుడా, నేనేడ వోయిన?"

నిజం చెప్పాల్సిన చోట నా నోరు ఇలా పలికింది: "పెట్టె తడిసినట్టుంది మామ. ఆ ముక్కలు బూజు తినేసింది."

"అవ్, వానకాలం తడిసిందేమో. తప్పు నాదే" అన్నాడు ఆయన.

ఇటు డిస్కు అందుకున్న అభిమానులేమో, దయ్యాన్ని చూపకుండానే వణికించిన సినిమా అని పొగిడారు. నేను వినయంగా తల ఊపాను.

ఒకరోజు అత్త ఫోన్ చేసింది. "మీ మామ బువ్వ సక్కగ తింటలేడయ్యా. దినాం పెట్టెను ఎండల పెట్టి, ఏడ తడిసిందని ఎతుకుతున్నడు."

ఆ మాటతో నా తల ఊపుడు ఆగిపోయింది. అదృష్టం, తుడవని స్కాన్ హార్డ్ డిస్కులో అలాగే ఉంది. దయ్యాన్ని ఎక్కడిదక్కడ నిలబెట్టి ఏన్కూరు పరిగెత్తాను.

"మామా, నీ పెట్టె తడవలేదు. నిన్ను తుడిచింది నేనే. ఆ తప్పు నీ మీదికి తోసింది కూడా నేనే. క్షమించు."

ఆయన ఎండలో ఉన్న పెట్టె వైపు చూశాడు. "అయితే పెట్టె మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉంది."

"గంతే చాలు. నువ్వు రాకపోతే నేను గా పెట్టెలనే పడుందును. డిస్కు ఎయ్యి."

కిటికీలో తెల్లచీర కదిలింది. హీరోయిన్ ఇల్లెగిరిపోయేలా అరిచింది. అత్త ముందుకు వంగి చూసింది.

"నడక నీదే" అంది. కాసేపాగి, "గీ మనిషిని చూసి గంత అరుసుడేంది? నేను దినాం చూస్తున్న, ఒక్కనాడన్న అరిసిన్నా?"

మామ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ నవ్వుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కొత్త డబ్బా వెనక ఇలా అచ్చు వేయించాను: "ప్రింటును ఆపరేటరు ప్రాణంలా కాపాడాడు. దయ్యాన్ని చెరిపింది మేము. ఇకమీదట తెర మీద తెల్లగా ఏది కదిలినా, దాని పేరు, ఊరు, ఇల్లాలి పేరు అడగనిదే తుడవబోమని ప్రమాణం చేస్తూ, సైదులు మామకు క్షమాపణలు."