స్వప్న మొక్కు, అనసూయమ్మ బోనం

కరోనా రెండో ఉధృతి తగ్గిన మరుసటి ఏడాది నన్ను శాలిబండ దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రానికి హెడ్ నర్సుగా వేశారు. అదే నా చివరి పోస్టింగ్. ముప్పై దాటిన ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయడం అక్కడ నాకు అప్పగించిన ముఖ్యమైన పని. పైనుంచి అధికారుల ఆదేశాలు, కిందనుంచి ఆశా కార్యకర్తల మొరలు, మధ్యలో నేను.

ఈ పని నాకు ఇష్టమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాసుపత్రి స్త్రీల వార్డులో పనిచేశాను. అప్పట్లో ఈ జబ్బుతో వచ్చేవాళ్లు చాలావరకు ముదిరాకే వచ్చేవారు. మంచం దగ్గరికి వెళ్లకముందే వాసన తెలిసేది. రక్తం ఎక్కించి, రేడియేషన్‌కు పంపేవాళ్లం. ఆ తర్వాత వాళ్లు ఏమయ్యారో మాకు తెలిసేది కాదు. ఇప్పుడు మన దేశంలో ఈ క్యాన్సర్ మెల్లగా తగ్గుతోంది. పెళ్లిళ్లు ఆలస్యంగా జరగడం, కాన్పులు తగ్గడం, శుభ్రత పెరగడం ఇందుకు కారణాలని డాక్టర్లు చెబుతారు. ఇందులో పరీక్షల వాటా ఇంకా చిన్నదే. చేయించుకునేవాళ్లు ఉంటే కదా పెరిగేది.

పరీక్ష తేలికే. బాగా పలుచన చేసిన ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే ఇంచుమించు వంటింటి వెనిగర్‌నే, దూదితో ముఖద్వారానికి అద్ది, ఒక్క నిమిషం ఆగి చూస్తాం. స్పష్టమైన అంచుతో తెల్లటి మచ్చ తేలితే పాజిటివ్ అని రాసి పెద్దాసుపత్రికి పంపుతాం. అక్కడ డాక్టర్లు చూసి, తగినదైతే వేడి పరికరంతో ఆ మచ్చను మాడ్చేస్తారు. మచ్చ క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొన్నేళ్లకు కాగలదు. ఆ కొన్నేళ్ల వ్యవధి దొరకడమే మా అదృష్టం.

ఆషాఢం దగ్గర పడుతుండగా స్వప్నకు ఆ మచ్చ కనిపించింది. ఛత్రినాకలో ఉండే స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారుల ఇంటి కోడలు ఆమె. ఇద్దరు పిల్లల తల్లి. ఆశా కార్యకర్త వెంట వచ్చింది, ఇంట్లో చెప్పలేదు. ఎంత వివరించినా తల ఊపుతూ కూర్చుంది. చికిత్స తర్వాత మూడు నాలుగు వారాలు నీళ్లలాంటి స్రావం పోవచ్చని, మధ్యలో కొంచెం రక్తం కూడా కనిపించవచ్చని చెప్పగానే మాత్రం లేచి నిలబడింది.

"సిస్టరమ్మా, బోనాలు అయినంక వస్త. కరోనాల మా ఆయన ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు మొక్కుకున్న, బతికొస్తే బోనం ఎత్తుతనని. గసొంటి ఒంటితోని బోనం ఎట్ల ముట్టాలె?"

అది వాయిదా కోసం చెప్పిన సాకు కాదు. ఆ మనిషి బతికి వచ్చి దుకాణంలో కూర్చున్నాడు. మొక్కు చెల్లించకపోతే ఆమెకు అన్నం సహించదు.

మెడికల్ ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి, మంచిది. నెల ఆగితే కొంప మునగదు, ఒత్తిడి చేయకండి సిస్టర్ అంది. వైద్యపరంగా ఆ మాట నిజం. కానీ నాకు పాతబస్తీ క్యాలెండరు తెలుసు. ఆషాఢంలో బోనాలు, శ్రావణంలో వ్రతాలు, భాద్రపదంలో వినాయకుడు, ఆ వెంటనే బతుకమ్మ. ప్రతి పండగకూ శుభ్రమైన ఒళ్లు కావాలి. పండగ తర్వాత వస్తామన్న వాళ్లను ఏ పండగ తర్వాతా నేను మళ్లీ చూడలేదు. ఒంట్లో నొప్పి లేని మనిషిని ఆసుపత్రికి రప్పించడం మాటలా?

మీ అత్తగారితో మాట్లాడనా అని అడిగాను. రోగి ఒప్పుకోకుండా ఇంట్లోవాళ్ల దగ్గర నోరు విప్పకూడదు, అది మా నియమం. మీరే చెప్పండి, నా వల్ల కాదు అంది స్వప్న.

అత్తగారు అనసూయమ్మ అంటే ఆ గల్లీలో అందరికీ హడలే. కూరగాయల బండివాడు కూడా ఆమె గుమ్మం ముందు గొంతు తగ్గిస్తాడు. నేను వెళ్లేసరికి చింతపండు గింజలు తీస్తోంది. లొల్లి తప్పదనుకునే కూర్చున్నాను. చెప్పాల్సిందంతా చెప్పాను. మచ్చ రావడంలో కోడలి నడవడి తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే అత్తలకు మొదట వచ్చే అనుమానం అదే. మొక్కు సంగతి కూడా చెప్పాను. ఆమె గింజలు తీయడం ఆపలేదు. వదిలేస్తే ఏమవుతుందని మాత్రం అడిగింది. నేను వార్డులో చూసినది దాచకుండా చెప్పాను. అప్పుడు చేతులు తుడుచుకుని కోడల్ని పిలిచింది.

"నువ్వు మొక్కింది నా కొడుకు కోసమే గద. వాణ్ని కన్నది నేను. బోనం నేనెత్తుత. నువ్వు పోయి చూపించుకో."

ఒకరు మొక్కింది ఇంకొకరు తీరిస్తే చెల్లుతుందా అని స్వప్న భయంగా అడిగింది. అమ్మవారితో నేను మాట్లాడుకుంట, నీకేం ఫికర్ అంది అనసూయమ్మ. నాకు కళ్లు చెమర్చాయి. ఉద్యోగంలో అలాంటి రోజులు తక్కువ.

ఆ వారంలోనే పెద్దాసుపత్రిలో చికిత్స అయింది. దుకాణం మూసి భర్త కూడా వెంట వెళ్లాడు. బోనాల ఆదివారం నాకు సెలవే, అయినా ఛత్రినాక వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడానికే మూలిగే అనసూయమ్మ, తల మీద దీపం, వేపాకులు పెట్టిన బోనంతో, ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచింది. స్వప్న దూరంగా గోడ పక్కన నిలబడి దండం పెట్టింది. మరుసటి ఏడాది పరీక్షలో స్వప్నకు మచ్చ లేదు. ఆ రోజు అనసూయమ్మ కూడా వచ్చి తన పరీక్ష చేయించుకుంది. ఆమెకూ ఏమీ లేదు. ఆ కుటుంబం ఎప్పుడు గుర్తొచ్చినా మనసులోనే నమస్కారం పెట్టుకుంటాను.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. పాజిటివ్ వచ్చినవాళ్లను ఎప్పుడు వస్తారని అడగడం మానేశాను. రాబోయే నెలలో మీ మీద ఏం పని ఉంది, మీ బదులు ఎవరు చేస్తారు అని అడిగేదాన్ని. వాళ్లు ఒప్పుకుంటే ఆ మనిషితో నేనే మాట్లాడేదాన్ని. ఈ క్యాన్సర్‌ను ఆపడానికి వెనిగరు, దూది మాత్రమే చాలవు. ఆ నెల ఆమె పనిని తన నెత్తిన వేసుకునే మనిషి ఇంట్లో ఒకరుండాలి.