శాంతమ్మక్క ప్రార్థన ఎవరు విన్నారు

ఆళ్లగడ్డలో మా వీధి ఆడవాళ్లకు ఒక రహస్యం ఉంటే దాచుకోవడానికి రెండే చోట్లు. ఒకటి వాళ్ల కడుపు, రెండోది శాంతమ్మక్క. కడుపులో దాచుకున్నది ఎప్పుడో కోపంలో బయటికి వచ్చేస్తుంది. శాంతమ్మక్క దగ్గర పెట్టింది రాదు. ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదని అన్నవాడెవడో ఆమెను చూసి ఉండడు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నా పేరు కృష్ణకుమారి. ఇంటి ముందుగదిలో గాజులు, రిబ్బన్లు, చీర ఫాల్సు అమ్ముకునే ఫ్యాన్సీ షాపు నాది. కౌంటరు దగ్గర కూర్చుంటే ఎదురుగా శాంతమ్మక్క వాకిలి. ఎవరు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు, వెళ్లేటప్పుడు కళ్లు తుడుచుకున్నారా లేదా, అన్నీ నాకు తెలుస్తాయి. లోపల ఏం మాట్లాడుకున్నారన్నదే తెలియదు. ఎన్నేళ్లుగానో ఆరా తీస్తున్నాను. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

శాంతమ్మక్క నంద్యాలలో ఒక ఆస్పత్రిలో కాన్పుల వార్డు ఆయాగా పనిచేసింది. భర్త పోయాక, పని మానుకున్నాక, ఆళ్లగడ్డలో తమ్ముడు ఇచ్చిన రెండు గదుల్లో ఒక్కతే ఉంటోంది. వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. మనసులో ఉన్న భారాన్ని ప్రార్థన అంశం అంటారు. పదిమందిలో చెప్పుకోగలిగినవి గురువారం స్త్రీల కూడికలో చెప్పుకుంటారు: పిల్లల పరీక్షలు, మోకాళ్ల నొప్పులు, ఆ ఏటి మిరప ధర. చెప్పుకోలేనివి శాంతమ్మక్క దగ్గరికి తెస్తారు. ఆమె తెల్లవారకముందే లేచి, మోకాళ్ల మీద ఉండి, ఒక్కొక్కటిగా దేవుడికి అప్పజెబుతుంది. పైకే చెబుతుంది. మనసులో చేసుకుంటే కునుకు వస్తుందట. అయితే పేర్లు ఎత్తదు. "నీ బిడ్డ ఒకతె" అంటుంది, అంతే. ఏ బిడ్డో ఆయనకు తెలియదా అని ఆమె ధీమా.

ఇక సుజాత సంగతి. సుజాతే చెప్పమంది కాబట్టి చెబుతున్నాను, లేకపోతే శాంతమ్మక్క నా మొహం చూడదు. సుజాత మా దగ్గరి ప్రైవేటు స్కూల్లో టీచరు. మొగుడు తిమోతి బేతంచెర్ల నుంచి నాపరాళ్ల లోడు తోలే లారీ డ్రైవరు. అత్త ఎస్తేరు మంచిదే గాని, మాట పెళుసు. పెళ్లయి చాలా కాలమైనా వాళ్లకు పిల్లల్లేరు. ఒకసారి కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. అప్పుడు వీధంతా వచ్చి ఓదార్చింది. పోయిన దుఃఖం కంటే ఆ ఓదార్పే ఎక్కువ బాధపెట్టిందని సుజాత అంటుంది. అందుకే ఈసారి నంద్యాలలో డాక్టరమ్మ దగ్గర వైద్యం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో కంప్యూటర్ ట్రైనింగని చెప్పి శనివారాలు బస్సెక్కేది. తెలిసింది తిమోతికి, శాంతమ్మక్కకు మాత్రమే.

అట్లా కొన్నాళ్లు గడిచింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక శాంతమ్మక్కతో సహా ఆడవాళ్లంతా చర్చి ఆవరణలో టీ తాగుతున్నారు. ఎస్తేరు తన ఫోను అందరి ముందుకు చాపి, "ఏసయ్య పాటలు పెట్టుకుందామంటే సంతానం ఆస్పత్రోళ్ల యాడ్లు వస్తాండాయి. ఈ వయసులో నన్ను కనమంటాండారేమో" అంది. అందరూ పడీపడీ నవ్వారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సుజాత చేతిలో టీ ఒలికి చీర మీద పడింది.

అత్తకు తెలిసిపోయింది, పదిమందిలో పెట్టి ఎత్తిపొడుస్తోంది అనుకుంది సుజాత. తిమోతి చెప్పి ఉండడు, వాడికి తల్లి అంటే లారీ బ్రేకు ఫెయిలైనంత భయం. మరి మిగిలిందెవరు?

ఆ సాయంత్రమే శాంతమ్మక్క ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, "నమ్మి నీ కాడ చెప్పుకున్న్యా. బాగా చేసినావత్తా" అని వెనక్కి తిరిగింది. నేను కౌంటరు దగ్గర రిబ్బను కొలుస్తూ ఉన్నాను. శాంతమ్మక్కను ఎవరైనా ఒక మాట అనగా నేను వినడం అదే మొదలు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఏ మాట బయటికి పోయిందో ఎవరికీ తెలియదు గాని, శాంతమ్మక్క దగ్గర మాట నిలవడం లేదన్న మాట మాత్రం చర్చి దాటి, వీధి దాటి, దొర్నిపాడు నుంచి వచ్చే పాలామె దాకా పోయింది. ఆడవాళ్లు ఎదురు వాకిట్లోకి రావడం మానేశారు. దారిలో కనిపిస్తే పలకరించేవాళ్లు, కాకపోతే ఎండల గురించి మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు.

నేను ఉండబట్టలేక పోయి కూర్చున్నాను. శాంతమ్మక్క బక్కచిక్కిపోయింది. నేను అడగకముందే తనే అడిగింది.

"కుమారీ, ఫోను మనం మాట్లాడేది వింటాదా?"

విషయం ఏమిటంటే, ఆమెకు కళ్లు సరిగా ఆనవు. బైబిలు చదివి వినిపించే యాప్ ఒకటి ఉంటే దాన్ని పెట్టుకుని విని, ఫోను పక్కనే ఉంచుకుని ప్రార్థన చేసేది. తను దేవుడితో తప్ప ఎవరితోనూ అనలేదు. దేవుడు యాడ్లు ఇవ్వడు. కాబట్టి మోకాళ్ల పక్కనున్న ఫోనే విని ఆస్పత్రి వాళ్లకు చేరవేసిందని ఆమె తేల్చుకుంది. అప్పటినుంచి ప్రార్థన వేళకు ఫోనును తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బాలో పెడుతోంది. అయినా నమ్మకం కుదరక, పెదవులు బిగించి మనసులోనే చేసుకుంటోంది. మధ్యలో కునుకుతోంది. లేచి ఏడుస్తోంది.

"నా నోట్లోంచే పోయినట్ల గదా కుమారీ. ఆ బిడ్డ నన్ను అన్నదాంట్లో తప్పేముంది?"

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద అంటే, అందరి మీద. ఫోను కొన్న రోజు అది ఏదేదో అడుగుతుంది. మనం ఒక్క ముక్క చదవం, 'అంగీకరిస్తున్నాను' అని టకటకా నొక్కేస్తాం. మొహం తెలియని కంపెనీకి ఇంటి తాళాలు ఇచ్చి, కష్టానికి సుఖానికి పక్కన నిలబడిన మనిషిని మాత్రం ఒక్క టీ గ్లాసు ఒలికినంతలో దొంగను చేస్తాం. ఇదెక్కడి న్యాయం? ఇక ఊరుకుంటే లాభం లేదని, మరుసటి రోజే షాపుకు తాళం వేసి ఆమెను నంద్యాల బస్సెక్కించాను.

నంద్యాలలో మా అన్నది చీరల కొట్టు. అన్న కూతురు దివ్యశ్రీ ఆ కొట్టుకు ఫోన్లలో యాడ్లు వేస్తుంది. దొంగల గుట్టు దొంగలకే తెలుస్తుందని కాదు గాని, యాడ్లు ఇచ్చేవాళ్లను అడిగితే అసలు సంగతి తెలుస్తుందని నా ఉద్దేశం. దారిలో శిరివెళ్ల దాటాక శాంతమ్మక్క ఒకటే చెప్పింది, నేను పేర్లు చెప్పను, నన్ను గుచ్చి గుచ్చి అడగొద్దు అని.

దివ్యశ్రీ మమ్మల్ని కొట్లో పరుపు మీద కూర్చోబెట్టి అంతా విన్నది. శాంతమ్మక్క "ఒక మనిషి", "ఇంకో మనిషి" అంటూ చెప్పుకొచ్చింది. ఫోను నిజంగా వింటుందా అని అడిగింది.

"మేం వినమని కంపెనీలోళ్లు చెప్తాండారు. నిజమో అబద్ధమో నాకూ తెలీదవ్వా. కానీ ఇంతమాత్రానికి వినే పని లేదు" అంది దివ్యశ్రీ.

తను ఎలా చేస్తుందో చెప్పింది. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల, ఇంట్లో పెళ్లి ఉన్న ఆడవాళ్లకు మా పట్టుచీరలు చూపించండి అని కంపెనీకి చెబుతుందట. వాళ్లు చూపిస్తారట. ఆ ఆడవాళ్లెవరో దివ్యశ్రీకి తెలియదు, కంపెనీకి తెలుసు. ఎవరు ఏం వెతికారు, ఏ వీడియో చివరిదాకా చూశారు, ఎక్కడెక్కడికి పోయివచ్చారు అన్నదాన్ని బట్టి పసిగడతారు. నంద్యాల సంతానం డాక్టరు, సూది వేసుకున్నాక నొప్పి అని ఎవరైనా ఫోన్లో వెతికితే చాలు, సంతానం ఆస్పత్రులన్నీ వరుస కడతాయి.

శాంతమ్మక్క ఆలోచించింది. "అట్లయితే వెతికిన మనిషికే రావల్ల. ఇంకో మనిషి ఫోన్లోకి ఎట్ల పోయె?"

ఇద్దరూ ఒకే ఇంటివాళ్లా అని దివ్యశ్రీ అడిగింది. శాంతమ్మక్క ముందున్న చీర మడత సర్దసాగింది. దివ్యశ్రీ నవ్వి, సరేలే అవ్వా, నీ ఫోను ఇటియ్యి అంది.

ఆ ఫోను తెరిస్తే పాపం శాంతమ్మక్కకు ట్రాక్టరు టైర్లు, బట్టతల మీద వెంట్రుకలు మొలిపించే నూనె, డ్రైవింగ్ స్కూలు యాడ్లు వస్తున్నాయి. పైన ఆమె పేరు లేదు, ఫోను అమ్మిన షాపు పేరుంది. మన ఊళ్లలో జరిగేది ఇదే. కొత్త ఫోను కొంటే అది ఈమెయిల్ అడుగుతుంది. మనకు తెలియదు, షాపువాణ్ణే పెట్టమంటాం. పాస్‌వర్డు ఎవరు గుర్తుంచుకుంటారని వాడు ఒకటే తీసి నలుగురి ఫోన్లలో పెడతాడు. ఇంట్లో రెండు ఫోన్లు కొంటే రెండింటికీ ఒకటే. ఇంటికొక రేషన్ కార్డు ఉన్నట్టు ఇంటికొక ఈమెయిల్. కంపెనీకి మాత్రం ఆ ఫోన్లన్నీ కలిపి ఒకే మనిషి. ఒకరు వెతికింది ఇంకొకరికి కనిపిస్తుంది.

శాంతమ్మక్క "అయితే నా నోట్లోంచి పోలేదు" అంది. లేదవ్వా అంది దివ్యశ్రీ. "పోలేదు గదా?" అని మళ్లీ అడిగింది. పోలేదని మళ్లీ చెప్పించుకుంది. అప్పుడు నవ్వింది, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చీరలు బేరం చేసే ఆడవాళ్లు మా వైపు తిరిగి చూశారు. చూస్తే చూశారు. ఎన్నో వారాల తర్వాత ఆమె మొహంలో ప్రాణం కనిపించింది, నాకూ గుండెల మీద నుంచి రాయి దించినట్టయింది.

మరుసటి రోజు ఇంటర్వెల్ వేళకు శాంతమ్మక్క స్కూలు గేటు దగ్గర నిలబడింది. ఇంటికి పోతే ఎస్తేరు ముందు మాట్లాడాలి కదా. అక్కడ జరిగింది సుజాత తర్వాత నాకు చెప్పింది. శాంతమ్మక్క ఫోన్ల సంగతి చెబుతుంటే సుజాత మధ్యలోనే అడ్డుపడింది.

"నువ్వు చెప్పలేదని నేనెట్ల నమ్మల్ల?"

"నన్ను నమ్మొద్దు మ్మా. ఇంటికి పోయి మీ అత్త ఫోన్లో పైన ఎవరి పేరుందో చూడు" అని చెప్పి శాంతమ్మక్క వచ్చేసింది.

ఆ సాయంత్రం ఎస్తేరు పాలకు పోయినప్పుడు సుజాత ఆ ఫోను తీసి చూసింది. పైన మూలన తన పేరు, తన ఫొటోనే ఉన్నాయి. క్రిస్మస్‌కు తిమోతి ఒకే షాపులో ఇద్దరికీ ఫోన్లు కొన్నాడు, షాపువాడు ఒకే ఈమెయిల్ పెట్టాడు. తను రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని వెతికినవన్నీ అత్త పాటల మధ్యలో వరుసగా కూర్చుని ఉన్నాయి. సుజాతకు అంతా అర్థమైంది. శాంతమ్మక్క చెప్పలేదు. అత్త ఎత్తిపొడవలేదు. ఆ రోజు చర్చిలో ఆ ముసలామె తన బాధ తను చెప్పుకుంది, అంతే.

దీపాలు పెట్టే వేళకు పరుగెత్తుకుంటూ వచ్చింది. శాంతమ్మక్క కాళ్లు పట్టుకోబోతే ఆమె పట్టుకోనివ్వలేదు. నువ్వు భయపడినావు, భయంలో అన్నావు, పో అంది. అయితే సుజాత పోలేదు. ఆదివారం స్త్రీలందరి ముందు నిలబడి, ఏ మాటో చెప్పకుండానే, నా మాట దాటించింది శాంతమ్మత్త కాదు, నా ఫోను అని చెప్పింది. చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ పిల్లకు ఉంది.

దాంతో ఎస్తేరుకు అర్థమైపోయింది. ఇంటికి వచ్చాక సుజాతే అంతా చెప్పేసింది. తిడుతుందనుకుంది, తిట్టింది కూడా. సూదులు వేయించుకుని బస్సులో నిలబడి ఒక్కదానివే వస్తాండావా, నేను చచ్చినానా అని తిట్టింది. ఇప్పుడు శనివారాలు ఇద్దరూ కలిసే నంద్యాల పోతున్నారు. వైద్యం ఇంకా నడుస్తోంది. ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు, కానీ సుజాత మొహం తేటపడింది. ఎవరి ఫోనుకు వాళ్ల ఈమెయిల్ మా దివ్యశ్రీయే పెట్టి ఇచ్చింది. శాంతమ్మక్కకు ట్రాక్టరు టైర్ల బాధ తప్పింది.

మొన్న మధ్యాహ్నం నేను శాంతమ్మక్క ఇంట్లో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంటే ఎస్తేరు వచ్చింది. నిలబడే అడిగింది.

"నా కోడలు మొదట్నుంచీ నీకు చెప్పుకున్యాదంట గదా. నిజమేనా?"

సుజాతే చెప్పాక ఇంకా దాపరికం ఏముంది, అవునంటే పోయేదేముంది అనుకున్నాను నేను. శాంతమ్మక్క ఒలిచిన రెబ్బలు గిన్నెలో వేస్తూ, "నీ కోడలి మాట నీ కోడల్నే అడుగు మ్మే" అంది.

ఎస్తేరుకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె మెల్లగా చాప మీద కూర్చుంది. కూర్చుని నా వైపు తిరిగి, "కుమారమ్మా, నీ అంగడి కాడ ఎవరో నిలబడినట్లుండారు" అంది.

నా షాపు దగ్గర ఎవరూ లేరు. నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది, దానికంటే ఎక్కువ సంతోషమే వేసింది. లేచి బయటికి వచ్చాను. నా వెనకాల శాంతమ్మక్క తలుపు దగ్గరికి వేసింది. నేను కౌంటరు దగ్గర ఎంతసేపు కూర్చున్నా అది తెరుచుకోలేదు.