షార్జా ఫైలు, కోరుట్ల పెట్రోలు

అది 2022, ఎండాకాలం. కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీద నా గ్యారేజీ. రేకుల షెడ్డు, రెండు లిఫ్టులు, ఒక స్కానరు, గాలి కన్నా మోతే ఎక్కువ ఇచ్చే కూలరు. కార్లు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లకు పైనే గడిచాయి. ఎన్నో ఇంజన్లు విప్పి మరిచిపోయాను గానీ ఈ ఒక్కటి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోపం ఇంజన్ మీద కాదు. ఇంజన్‌ది ఏముంది పాపం, పోసింది తాగుతుంది, చెప్పింది చేస్తుంది. నా కోపమంతా మనుషుల మీద.

మా దిక్కు ఊళ్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు ఒకప్పుడు సెలవుకు వస్తే సెంటు సీసాలు, రగ్గులు తెచ్చేవాళ్లు. ఇప్పుడు సెలవుకు రాగానే హైదరాబాద్ పోయి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ సెడాన్ కొంటున్నారు. చూడటానికి మామూలు నాలుగు డోర్ల కారే, కాకపోతే ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వస్తుంది. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ వేగానికి తిరిగే చిన్న పంకా. అది బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి పెరిగితే ఎక్కువ పెట్రోలు కాలుతుంది, బలం పెరుగుతుంది. ఏ ఊళ్లో, ఏ పెట్రోలు మీద, ఎంత ఎండలో నడిచినా బండి బతకాలని కంపెనీవాడు ఆ బలంలో కొంత దాచిపెడతాడు. దాచినదాన్ని బయటికి తీయడాన్నే ట్యూనింగ్ అంటాం. తప్పు పని కాదు. నేనూ చేస్తాను, ఇష్టంగానే చేస్తాను.

ఇబ్రహీంపట్నం మండలం నుంచి మహిపాల్ అట్లాంటి కారే తెచ్చాడు. షార్జాలో ఏసీ డక్టుల పని చేస్తాడు. చాలా ఏళ్ల కష్టం మీద కొనుక్కున్న నీలం రంగు బండి, దాని మీద ఈగ వాలినా తట్టుకోలేడు. టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లార్చే పెద్ద ఇంటర్‌కూలరు, పొగ సాఫీగా పోవడానికి వెడల్పాటి డౌన్‌పైపు తెప్పించుకున్నాడు. రెండూ ఎక్కించాను. ఇక మిగిలింది ఫైలు. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు, ఎంత పెట్రోలు చిమ్మాలి, ప్లగ్గు ఎప్పుడు నిప్పు పెట్టాలి అని చెప్పే లెక్కలన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి.

"ఫైలు హైదరాబాద్‌ల రాయించుకో తమ్మీ. ఈడి పెట్రోల్ మీద బండి నడిపి, చూసి రాస్తరు" అన్నాను.

"ఎందుకన్నా గంత దూరం? అచ్చం గిదే కారు షార్జల మా రూమ్‌మేట్‌కు ఉన్నది. గా ఫైలే వాట్సాప్‌ల పంపుతడు. రాకెట్ లెక్క ఉరుకుతది."

"గా రాకెట్ షార్జ పెట్రోల్ తాగి ఉరుకుతది. ఈడ గదే ఫైలు ఏస్తే ఆగమైతవ్. వద్దు."

వద్దని ఎందుకన్నానో చెప్తాను. పెట్రోలుకు ఆక్టేన్ అని ఒక లెక్క ఉంటుంది. ఎంత ఒత్తిడి పడ్డా తొందరపడి అంటుకోకుండా ఓర్చుకునే గుణం అన్నమాట. అక్కడి బంకుల్లో సూపర్ అని అమ్మేది తొంభై ఎనిమిది. అప్పట్లో మా కోరుట్ల బంకుల్లో దొరికేది తొంభై ఒకటి. తొంభై ఎనిమిదిని నమ్మి రాసిన ఫైలు తొంభై ఒకటిని పట్టుకుని ఒత్తితే, ప్లగ్గు పెట్టిన మంట అంతటా పాకకముందే మిగిలిన పెట్రోలు తనంతట తాను భగ్గుమంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం వస్తుంది. మేం దాన్ని నాక్ అంటాం. మహిపాల్ సరే సరే అని తల ఊపి బండి తీసుకుపోయాడు.

తర్వాత ఓ పొద్దున మా వీధిలో ఒకటే గోల. "బంకుల కల్తీ పెట్రోల్ పోసిన్రట, కొత్త కారు ఇంజన్ పోయిందట!" నేను ఎప్పుడూ పోయించుకునే బంకే కదా అని పోయి చూస్తే, మహిపాల్ నీలం కారును ట్రాక్టర్‌కు తాడు కట్టి లాక్కొచ్చి పంపు ముందే అడ్డంగా పెట్టారు. చుట్టూ జనం. మధ్యలో స్వరూప.

స్వరూప ఆ బంకులో పెట్రోలు కొడుతుంది. అంతకుముందు ఇంట్లో బీడీలు చుట్టేది. వంగి వంగి మెడలు పట్టేసి, డాక్టరు ఇక చుట్టొద్దంటే ఈ పనిలో చేరింది. ఆ బంకులో పైపు పట్టిన మొదటి ఆడమనిషి. ఎవరు వచ్చినా పైపు పెట్టే ముందు మీటరు వైపు చెయ్యి చూపించి "జీరో చూసుకోండ్రి" అనడం ఆమె అలవాటు. ఆమెకు నా మొహం తెలిసినా సరే, నాకూ అదే మాట.

"ఏం కలిపినవే? చెప్పు!" అంటున్నాడు మహిపాల్. "నిన్న పొద్దుగూకినంక నీ చేతుల ఫుల్ ట్యాంక్ పోయించిన. జగిత్యాల దాటలే, బండి గుంజుడు వెట్టింది, తెల్ల పొగ!" మహిపాల్ బామ్మర్ది తన ఫోను తీసి ఆమె మొహానికి జానెడు దూరంలో పెట్టాడు. వాణ్ణి చూసి ఇంకో పదిమంది పెట్టారు.

"నేనేం కల్పుత అన్నా? ట్యాంకుల ఏముంటే గదే అస్తది. నేను జీరో చూపెట్టిన్నా లేదా, నువ్వే చెప్పు" అంటోంది స్వరూప. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ పైపు మాత్రం వదల్లేదు.

బంకులో ఫిల్టర్ పేపర్ ఉంటుంది. అడిగిన ఎవరికైనా ఇవ్వాలి. దాని మీద పెట్రోలు చుక్క వేస్తే, కల్తీ లేనిదైతే మరక లేకుండా ఆరిపోతుంది. నేనే అడిగి తీసుకుని చుక్క వేసి అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాను. మరక లేదు. "చూడుండ్రి అయ్యా! మీ కండ్లతోటి మీరే చూడుండ్రి!" అని అరిచాను. ఒక్కడంటే ఒక్కడు చూడలేదు. అన్ని ఫోన్లలో ఒక్క కెమెరా ఇటు తిరగలేదు. ఆరిన కాగితాన్ని వీడియో తీస్తే ఎవడు చూస్తాడు? ఏడుస్తున్న ఆడదాన్ని తీస్తే ఊరంతా చూస్తుంది.

బంకు యజమాని అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. కాగితం చూశాడు, నన్ను చూశాడు, జనాన్ని చూశాడు. "నువ్వు ఇంటికి నడువమ్మా. రేపటి సంది రాకు" అన్నాడు. అంతే. జనం చల్లబడ్డారు. స్వరూప పైపును జాగ్రత్తగా పంపుకు తగిలించి, టోపీ తీసి కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయింది. ఇంజన్ విప్పకముందే తీర్పు చెప్పేశారు!

నేను సిరిసిల్లలో పుట్టినవాణ్ణి. మా నాయన సాంచాలు నడిపాడు, అంటే మరమగ్గాలు. బట్టలో పోగు తెగితే షావుకారు మొదట నడిపేవాణ్ణే తిట్టేవాడు. నూలు పాడైందేమో అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ తిట్లు తిన్న మనిషి కొడుకుని, ఆ రోజు బంకు దగ్గర నాకు నాయనే కళ్ల ముందు కనిపించాడు.

కారు నా షెడ్డుకే వచ్చింది. ప్లగ్గులు తీశాను. తెల్లటి పింగాణీ మీద గసగసాల్లా మెరిసే అల్యూమినియం చుక్కలు. అంటే పిస్టన్ కరిగి అక్కడ అంటుకుంది. ఇంజన్‌కు పై మూత లాంటి హెడ్డు దించి చూస్తే మూడో పిస్టన్‌కు రింగుల మధ్య ఉండే గట్టు విరిగిపోయింది. కారు ట్యాంకులోంచి పెట్రోలు తీసి నా స్కూటర్లో పోసి మెట్‌పల్లి దాకా పోయి వచ్చాను. స్కూటర్ సుబ్బరంగా నడిచింది. మహిపాల్‌ను పిలిపించి విరిగిన పిస్టన్ చేతిలో పెట్టాను.

"ఏ ఫైలు ఏసినవ్?"

పిస్టన్ విరిగిన అంచు వేలితో తడిమాడు. "మావోడు పంపిందే అన్నా. నేనే ఇంట్ల ల్యాప్‌టాప్ పెట్టి ఎక్కిచ్చిన. కానీ నాక్ సెన్సర్ ఉంటది గదా, అది ఆపాలె గదా?"

సెన్సర్ ఉంటుంది. సుత్తి శబ్దం వినగానే ఇంజన్‌ను వెనక్కి లాగే చెవి అది. షార్జా దోస్తు బలం తగ్గకూడదని ఫైల్లో ఆ చెవి మూసేశాడు. అక్కడి పెట్రోలుకు ఆ చెవితో అంత పని పడలేదు. ఇక్కడ ఇంజన్ మొత్తుకుంటుంటే వినే దిక్కు లేకపోయింది. విషయం చెప్పాక మహిపాల్ పిస్టన్‌ను బల్ల మీద పెట్టేశాడు. తప్పు తెలిసింది. తెలిసి ఏమన్నాడో వినండి.

"అన్నా, గీ ముచ్చట మన మధ్యనే ఉండనియ్యి. నలుగుట్ల నా ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ ఇజ్జతా? ఆమెది కాదా?" లేచి నిలబడ్డాను. "నలుగుట్ల ఆమె మొకం మీద ఫోన్లు వెట్టినప్పుడు గీ ఇజ్జత్ ఏడ వోయింది? పోయి చెప్పు. గదే బంకుల, గదే పంపు ముంగట. గప్పటిదాక నీ బండికి నట్టు కూడా బిగియ్య. వేరే షెడ్డుకు కొండవోతవా, కొండవో. అడిగినోనికల్ల గీ పిస్టన్ చూపెడ్త."

మహిపాల్ తరపు పెద్దమనిషి ఒకాయన నాకు ఫోన్ చేసి "రిపేరు పని నీది, పంచాయితీ నీకెందుకు?" అని గద్దించాడు. "రిపేరే చేస్తున్న సారూ. ఏది విరిగిందో గదే బాగుచేస్తున్న" అని పెట్టేశాను.

మహిపాల్ చెడ్డవాడు కాదు, ఈ మాటా చెప్పాలి. ఓ పొద్దున తనే వచ్చాడు. ముందు స్వరూప ఇంటికి పోయాం. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని మళ్లీ బీడీలు చుడుతోంది. మెడకు తువ్వాల చుట్టుకుంది. మహిపాల్ చేతులు జోడించాడు. "అక్కా, తప్పయింది. పెట్రోల్‌ల ఏం లేదు. నేనే తప్పుడు ఫైలు ఏసిన."

స్వరూప చాట దించలేదు. "గిది నా వాకిట్ల చెప్పుడేంది? గా రోజు నా మొకం మీద ఫోన్ వెట్టిన్రు గదా. గిప్పుడు నీ మొకం మీద నువ్వే వెట్టుకొని చెప్పు. పంపు కాడ."

చెప్పాడు. ఆ రోజు బండి అడ్డం పెట్టిన పంపు ముందే నిలబడి తన ఫోను తన వైపే తిప్పుకుని, పేరు, ఊరు, చేసిన తప్పు అన్నీ చెప్పాడు. ఆమె వదిలిపోయిన టోపీని యజమాని తనే తెచ్చి స్వరూపకు ఇచ్చి, మళ్లీ పనిలో పెట్టుకున్నాడు. కానీ చుట్టూ ఎవరున్నారు? నేను, ఒక ఆటో డ్రైవరు, పాల క్యాన్లతో ఒక మోపెడు. ఆ రోజు ఎగబడ్డ జనంలో ఒక్కడు లేడు. బామ్మర్దికి ఫోన్ చేస్తే పని ఉందన్నాడట. పాత వీడియో ఊళ్లు పట్టుకు తిరిగింది. కొత్తది కొందరికి పోయి అక్కడే ఆగిపోయింది.

మహిపాల్ బండికి పిస్టన్లు మార్చి, సెన్సర్ చెవి తెరిపించి, మా పెట్రోలుకు సరిపోయే ఫైలు రాయించి అప్పగించాను. ఇప్పుడు ట్యూనింగ్‌కు ఎవరు వచ్చినా బానెట్ ఎత్తకముందు నేను అడిగేది ఒక్కటే, ఏ పెట్రోలు పోస్తావని. బండి రోజూ ఏది తాగుతుందో దాని మీదే ఫైలు రాయాలి. ఎక్కడో ఎవడికో బాగా నడిచిందని తెచ్చి ఎక్కిస్తే ఇంజన్ పోతుంది. ఇంజన్ పోతే ముందు బలయ్యేది పైపు పట్టుకున్న మనిషి.

మొన్న కోనరావుపేట నుంచి ఒక కుర్రాడు తెల్ల టర్బో సెడాన్ తెచ్చాడు. స్టేజ్ వన్ చేయాలట, అంటే ఏ సామానూ మార్చకుండా ఒట్టి ఫైలే మార్చడం. ఏ పెట్రోలని అడిగాను.

"వేములవాడలనే నింపుకొని అచ్చిన అన్నా. కోరుట్లల గా బంకుల పోయించద్దట గదా, ఎవలో ఆడామె కల్తీ చేస్తదట. వీడియో చూసిన."

ఇన్నేళ్లయినా! ఇంకా అదే వీడియో! నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. వాడు చూసింది ఆ ఒక్క వీడియోనే, వాణ్ణేమనాలి? షెల్ఫు మీద పెట్టుకున్న మహిపాల్ పిస్టన్ తీసి వాడి చేతిలో పెట్టి కథంతా చెప్పాను. చెప్పి, "పో. గా బంకుకే పో. గా అక్క చేతులనే ఫుల్ ట్యాంక్ పోయించుకొని రా. గా పెట్రోల్ మీదనే నీ ఫైలు రాపిస్త. లేకుంటే నడువు" అన్నాను.

పోయాడు. తిరిగొచ్చి తాళాలు బల్ల మీద పెట్టాడు.

"పోయించినవా?"

"పోయించిన అన్నా." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "గా అక్క జీరో చూసుకోమన్నది. చూసిన అని చెప్పిన. మళ్ల చూసుకోమన్నది. మంచిగ చూసినవా తమ్మీ అని మళ్ల అడిగింది. నా చేతుల ఫోన్ ఉండె, గది జేబుల వెట్టుకునేదాక పైపు ముట్టలే అన్నా."