పత్తి చేలో పలకరించిన మనిషి

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. మాది ప్రార్థన చేసుకునే కుటుంబం. పైగా పెళ్లయి చాకిరీలో పడ్డాక చీకటికి భయపడే ఓపిక కూడా నాకు లేదు. అయినా ఈ సంగతి జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. రొంపిచెర్ల పక్క పల్లె మాది. మా ఆయన మిషన్ బళ్లో పంతులు. గొంతెత్తి మాట్లాడటం ఎరగడు. పిల్లల మీద బెత్తం ఎత్తి ఎరగడు.

ఒకసారి నరసరావుపేట నుంచి వస్తుంటే లారీ చప్పుడుకి ఎద్దులు బెదిరి బండి తిరగబడింది. ఆయన తల రాయికి కొట్టుకుంది. తెలివి రావడానికి చానా రోజులు పట్టింది. గాయం మానింది. లేచి తిరిగాడు. అందరం దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాం.

మనిషి మాత్రం మారిపోయాడు. కూరలో ఉప్పు చాలలేదని కంచం నా మొహాన కొట్టాడు. ప్రార్థన మధ్యలో లేచి బూతులు తిట్టాడు. చావింట్లో పకపకా నవ్వాడు. కాసేపటికి తనే ఎందుకో చెప్పలేక వెక్కి వెక్కి ఏడ్చేవాడు. చిన్న కూడిక చెప్పబోయి మధ్యలో మర్చిపోయి, ఆ కోపంలో పిల్లవాడి పలక పగలగొట్టాడు. బడివాళ్లు ఇక రావద్దన్నారు.

మా అత్త దయ్యం పట్టిందంది. నేను వినకుండా నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోయాను.

"దయ్యం కాదమ్మా. లోపల మెదడు దెబ్బతింది. కోపం వస్తే ఆపుకునే శక్తి పోయింది. కావాలని చేయట్లేదు" అంది డాక్టరమ్మ.

ఆ మాటే నమ్మాను. నమ్మినంత మాత్రాన దెబ్బలు నొప్పి పెట్టకుండా ఉంటాయా?

ఏడాది తిరిగేసరికి నాలో సత్తువ అయిపోయింది. ఒక పొద్దున, సాయంత్రానికి నకరికల్లు పుట్టింటికి వెళ్లిపోవాలని, ఇక రాకూడదని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎప్పటిలాగే ఆయన్ని గదిలో ఉంచి గొళ్లెం పెట్టి, అత్తని కాపలా కూర్చోబెట్టి పత్తి తీతకి పోయాను.

మిట్టమధ్యాహ్నం వొడి నిండా పత్తితో వంగి ఉన్నాను. "మార్తా" అని పిలుపు. తలెత్తితే సాలు చివర ఆయన. ఉతికిన పంచె, దువ్విన తల. పాత మెత్తని గొంతు.

"పోమాకు మార్తా. వాడికి నువ్వు తప్ప ఎవరూ లేరు."

"ఎవరికి?" అన్నాను. వొడి విప్పి అక్కడికి పోయేసరికి మనిషి లేడు.

పక్క సాల్లో పత్తి తీస్తున్న బీబమ్మ నడుం నిలిపింది. "ఏందక్కా, పంతులుగారికి నెమ్మదించిందా? నన్ను కూడా నవ్వుతా పలకరించి పోయాడే" అంది.

ఇంటికి పరిగెత్తాను. గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన లోపల తలుపు బాదుతూ అరుస్తున్నాడు. అత్త గడప దగ్గర కూలబడి ఉంది. "నువ్వు పోయిన కాడ్నుంచీ ఇదే గోల. ఒక్క నిమిషం ఊరుకోలేదు" అంది.

తలుపు తీశాను. కొట్టడానికి చెయ్యెత్తాడు. మళ్లీ దించి ఏడ్చాడు. అన్నం కలిపి పెట్టాను.

ఆ తర్వాత చానా ఏళ్లు బతికాడు, అట్లాగే. చేలోకి వచ్చిన మనిషి మళ్లీ కనబడలేదు. ఎండకీ అలసటకీ నా కళ్లే మోసం చేశాయంటే ఒప్పుకుంటాను. మరి బీబమ్మ కళ్లకేమైంది? చచ్చినవాళ్లు కనబడతారని కొందరంటారు. గదిలో బతికున్న మనిషి బయట కనబడటం ఏందో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం నేను పుట్టింటికి పోలేదు. తర్వాతా పోలేదు. ఎవరి మాట విని ఉండిపోయానో ఇప్పటికీ చెప్పలేను.